తుండు కట్టిన స్టార్టరు

అరుణజ్యోతికి భయమెక్కువ. కళ్యాణదుర్గంలో బస్టాండు చుట్టుపక్కల ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. ఉరిమితే చెవులు మూసుకుంటుంది. బస్సు ఒకసారి గట్టిగా బ్రేకు కొట్టిందంటే ముందుసీటు కడ్డీ పట్టుకుని దిగేదాకా వదలదు. షాపుకు తాళం వేసి నాలుగడుగులు పోయి, వెనక్కొచ్చి దాన్ని లాగి చూస్తుంది. మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. "ఇట్ల లాగి లాగి నువ్వే ఊడబీకేటట్టుండావే తల్లీ" అని నేను ఆటపట్టించేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు, ఇంకోసారి లాగి చూసి పోయేది.

నా పేరు శశికుమార్. బస్టాండు వెనక మేడమీద కంప్యూటర్ సెంటరు నడిపేవాణ్ణి. బోర్డు మీద కంప్యూటర్ శిక్షణ అని ఘనంగా రాయించుకున్నాను గానీ, ఎక్కువగా చేసింది పెళ్లిపత్రికలే. కింద ఆదెన్న మోటరు వైండింగు షాపు. అరుణజ్యోతి ఆయన కూతురు. అనంతపురంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, నాయన షాపులోనే ఒక మూల బల్ల వేసుకుని కూర్చుంది.

ఆదెన్నకు మాత్రం భయమనేది పుట్టుకతోనే రాలేదు. కంబదూరు వైపు ఏ బావిలో మోటరు మొరాయించినా ఆయనే దిగాలి. బావి గోడలో పొడుచుకొచ్చిన రాతిమెట్ల మీద, సంచి మెడకు తగిలించుకుని, ఇంట్లో మెట్లు దిగినట్టు దిగిపోయేవాడు. దిగేముందు ఒక్క పని చేసేవాడు. భుజం మీది తుండు తీసి, పైన మోటరు వేసే స్టార్టరు పిడికి కట్టేవాడు.

ఇది ఆదెన్న కనిపెట్టిన పద్ధతి కాదు. మా వైపు అందరూ చేసేదే. స్టార్టరుకు తుండు కట్టి ఉందంటే కింద మనిషి ఉన్నాడని లెక్క. దాన్ని ఎవరూ ముట్టుకోరు, భూమి యజమాని కూడా. కట్టినవాడే పైకొచ్చి విప్పాలి. గట్టు తగాదాలతో మాటలు లేని పక్కపక్క చేలవాళ్లు కూడా ఒకరి తుండు మీద ఒకరు చెయ్యి వేయరు. అది చిరిగిపోయినా, ఎండకు వెలిసిపోయినా, గాలికి సగం ఊడి వేలాడుతున్నా అంతే. తుండో గోనెపట్టో తేల్చుకోలేకపోతే కూడా మనిషి అక్కడ ఆగిపోతాడు.

అప్పట్లో త్రీ ఫేజ్ కరెంటు రోజుకు రెండు దఫాలు వచ్చేది. వేళ వారం వారం మారేది, ఆ వేళను కూడా నమ్మడానికి లేదు. రైతులు మోటరు వేసుకోవడానికి టార్చిలైట్లు పట్టుకుని బావుల దగ్గరే పడుకునేవాళ్లు. పాములు కరిచేవి. అప్పుడు జ్యోతితో చదువుకున్న ప్రవీణ్ అనే కుర్రాడు ఒక పెట్టె తయారుచేశాడు. కరెంటు వస్తే రెండు నిమిషాలు ఆగి మోటరును అదే వేస్తుంది. వద్దనుకుంటే ఎర్ర మీట నొక్కాలి. కరెంటు పోయి మళ్లీ వచ్చినా ఆ పెట్టె 'వద్దు' అన్నది గుర్తుంచుకుంటుంది. పెట్టెలో చిప్పు, చిప్పులో ప్రోగ్రాము. ప్రోగ్రాము ప్రవీణ్ రాశాడు, జ్యోతి తీగలు అతికి పెట్టె బిగించింది, ఆదెన్న ఊరూరా పోయి పెట్టివచ్చాడు. "ఇంట్లో పండుకుంటాండాడు మా ఆయప్ప, అదే సాలు" అని ఒక రైతు, బయ్యన్న, భార్య బయమ్మ జ్యోతికి ఒక సంచెడు చెనక్కాయలు తెచ్చిచ్చింది.

తర్వాత ప్రవీణ్ బెంగుళూరులో ఉద్యోగానికి పోయాడు. పెట్టెలు మాత్రం బావుల దగ్గర వాటి పని అవి చేసుకుంటూ ఉండిపోయాయి.

రెండువేల ఆరు ఎండాకాలంలో ఒకరోజు పొద్దున బయ్యన్న అలాంటి పెట్టెనే చంకలో పెట్టుకుని వచ్చి జ్యోతి బల్ల మీద ధన్మని పడేశాడు. నేను అప్పుడు టీ తాగుతూ షాపులోనే ఉన్నాను. మనిషి మొహంలో నెత్తురు లేదు.

"మీ నాయన లేడా?" అన్నాడు.

"పనికి పోయినాడన్నా. ఏమయింది?"

"ఎర్రది నొక్కినా. తుండు కట్టినా. బావిలో దిగి మోటరు నట్టు బిగిస్తాండా. బీడీ ముట్టించుకుందామని చెయ్యి ఇట్ల తీసినానో లేదో, తిరిగిందమ్మా! దానంతటది! స్పానరు ఎగిరిపోయి నీళ్లల్లో పడె. అది నా చెయ్యి అయ్యింటే?" అంటూ ఆ చెయ్యి మా ముందు చాపాడు.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఎర్రది సరిగ్గా నొక్కుకోలేదేమోనన్నాను. బయ్యన్న నా వైపు చూసిన చూపుకు టీ గ్లాసు కింద పెట్టేశాను. జ్యోతి మాత్రం పెట్టెకు కరెంటు పెట్టి, ఎర్రది నొక్కి, కరెంటు తీసి, మళ్లీ పెట్టి చూసింది. ఎన్నిసార్లు చేసినా అది బుద్ధిగా ఆగే ఉంది. ఇంకొకరైతే బయ్యన్నదే పొరపాటని పంపించేసేవాళ్లు. తాళాన్ని మూడుసార్లు లాగి చూసే మనిషికి అది చాలలేదు.

ప్రవీణ్‌కు ఫోను చేసింది. "ప్రోగ్రాము పోయింది జ్యోతీ, నా హార్డ్ డిస్కు కాలిపోయింది గదా. నీకిచ్చిన సీడీలో ఆబ్జెక్ట్ ఫైళ్లుంటాయి, అంతే" అన్నాడు వాడు. నాకు ఒళ్లు మండింది. ఊరి మీద ఇన్ని పెట్టెలు వదిలిపెట్టి, రాసినదాన్ని ఇంకోచోట దాచుకోని ఘనుడు.

"శశన్నా, నీ లినక్స్ మిషను ఖాళీగా ఉండాదా?" అంది జ్యోతి. ఇద్దరం మేడమీదికి పోయాం.

మనిషి ప్రోగ్రాము రాసేటప్పుడు అది చదివితే అర్థమయ్యే భాషలో ఉంటుంది. దాన్ని చిప్పుకు పనికొచ్చే అంకెలుగా మార్చాక మిగిలేదే ఆబ్జెక్ట్ ఫైలు. తెరిచి చూస్తే పిచ్చిగీతలు. కలిపిన సంగటి ముద్దను చూపించి ఇందులో బియ్యమెంత, రాగిపిండి ఎంత అని అడిగినట్టు ఉంటుంది. దాన్ని మళ్లీ విప్పడానికి ఆబ్జ్‌డంప్ అని ఒక పరికరం ఉంది. దానికి కిటికీలూ బొమ్మలూ ఏమీ ఉండవు. నల్లటి తెర మీద దాని పేరు కొట్టి, ఒక అడ్డగీత, పక్కన డి అనే అక్షరం, ఆ తర్వాత ఫైలు పేరు కొట్టాలి. జ్యోతి కొట్టింది. తెర నిండా వరసలు జారిపోయాయి. ఎడమ పక్క అంకెలు, కుడి పక్క చిప్పుకు ఇచ్చే ఆజ్ఞలు, ఒక్కొక్క వరసకు ఒక్కొక్కటి.

మొదట ఏమీ తెలియలేదు. ఎక్కడికి దూకాలో చెప్పాల్సిన చోట్లలో అన్నీ సున్నాలే ఉన్నాయి. ఫైళ్లన్నీ ఒకటిగా కలిపేదాకా ఆ చోట్లు అలా ఖాళీగానే ఉంటాయట. ఆమె ఇంకో అక్షరం చేర్చి మళ్లీ కొట్టింది. ఈసారి సున్నాల కింద పేర్లు వచ్చాయి. ప్రవీణ్ పెట్టిన పేర్లే, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలు. తిరుగు. నిలుపు. ఎర్ర మీట నొక్కినట్టు గుర్తుంచుకునే గదికి వాడు పెట్టిన పేరు తుండు.

అది చూసి నేను నవ్వాను. జ్యోతి నవ్వలేదు. తెర మీద వేలు పెట్టి నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది.

"ఈడ తుండులో ఉండేది తెస్తాండాది. ఈడ ఒకటితో పోలుస్తాండాది. సమానమైతే నిలుపు కాడికి దూకుతాది. కాకుంటే కిందికి జారుతాది."

"కింద ఏముండాది?"

"తిరుగు."

"సరే గదా? ఎర్రది నొక్కింటే ఒకటి, లేకుంటే సున్న. తప్పేముండాది?"

"ఒకటీ కాకుండా సున్నా కాకుండా ఇంకేదో ఉంటే?" అంది.

ఆమె కిందికి పరిగెత్తి బయ్యన్న పెట్టెను తెచ్చింది. చిప్పుకు తీగ తగిలించి ఆ గదిలో ఏముందో చదివింది. ఎర్రది నొక్కి చూసిన తర్వాత ఆ గదిలో ఒకటే ఉంది. అంతవరకూ బాగుంది. అప్పుడామె పెట్టెకు వచ్చే కరెంటును మా ఊళ్లో పోయినట్టు పోగొట్టింది. తీగను ప్లగ్గులో సగం పెట్టి, ఆడించి, మినుకుమినుకుమనిపించి లాగింది. అలా కొన్నిసార్లు చేశాక మళ్లీ చదివింది. గదిలో ఒకటి లేదు. సున్నా లేదు. అర్థంపర్థం లేని ఇంకేదో అంకె ఉంది.

కరెంటు ఒక్కసారిగా పోతే చిప్పు నిద్రపోతుంది. కొనఊపిరితో కొట్టుకుంటూ పోతే, మత్తులో ఉన్న మనిషి ఏదో రాసినట్టు, అన్నిటికంటే మొదటి గదిలో ఏదో రాసేస్తుంది. ప్రవీణ్ తుండును ఆ మొదటి గదిలోనే పెట్టాడు.

"మనిషికి అనుమానమొస్తే ఆగిపోతాడు శశన్నా," అంది జ్యోతి. "ఇది అనుమానమొస్తే తిప్పుతాది."

ఆ మాట అంటూండగానే ఆమె మొహం మారిపోయింది. నాకు ఆ మొహం ఇప్పటికీ కళ్లముందు ఉంది.

"నాయన యాడికి పోయినాడు?"

నాకు తెలుసు. పొద్దున నా ముందే సంచి సర్దుకున్నాడు. కంబదూరు అవతల నాగన్న బావికి. అక్కడా ఈ పెట్టే ఉంది. ఆ వారం వాళ్లకు కరెంటు పొద్దున పోయి మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. కరెంటు పోయేముందే ఎర్రది నొక్కి, తుండు కట్టి, ఆదెన్న ఈపాటికి బావిలో ఉంటాడు.

ఆదెన్న దగ్గర సెల్లు లేదు. నాగన్నకు బావి ఉన్న ఊళ్లోనే చిన్న అంగడి ఉంది, అందులో కాయిన్ బాక్సు ఫోను ఉంది. నంబరు నేనే కొట్టి జ్యోతికిచ్చాను.

"నాగన్నా, నేను ఆదెన్న కూతుర్ని. ఇప్పుడే బావి కాడికి పోయి ఫ్యూజులు పీకెయ్యన్నా. నాయనను పైకి రమ్మను. పెట్టె సరిగ్గా లేదు. నీకు పుణ్యముంటాది, ఇప్పుడే పో."

"అట్లనే లేమ్మా, అంత భయమేల?" అన్నాడు నాగన్న. బావి అంగడి వెనకాలే. పోయి వచ్చి తానే ఫోను చేశాడు. ఇద్దరం ఒకే రిసీవరుకు చెవులు ఆనించి విన్నాం.

"చూసొచ్చినానమ్మా. ఏం భయం లేదు. స్టార్టరుకు తుండు కట్టే ఉండాది."

"ఫ్యూజులు పీకినావా అన్నా?"

"తుండు కట్టింటే నేనెట్ల ముట్టుకుంటా? కట్టినోడు గదా ముట్టుకోవాల! మీ నాయనను పిలిచి నీ పాప రమ్మంటాందని చెప్పినా. ఇంకొంచెం పనుండాది, ముగించుకుని వస్తానన్నాడు. నువ్వు నిమ్మలంగా ఉండమ్మా."

నాగన్న మంచివాడు. నియమం తప్పనివాడు. ఆ నియమమే ఆ రోజు మా ప్రాణం మీదికి తెచ్చింది. జ్యోతి మళ్లీ పోయి పీకమని అరిచేలోగా లైను కట్టయింది. మళ్లీ చేస్తే మోగుతూ ఉంది, ఎవరూ ఎత్తలేదు.

నా స్కూటరు తీశాను. జ్యోతి వెనక కూర్చుని నా భుజాన్ని గోళ్లు దిగేట్టు పట్టుకుంది. ఎండకు రోడ్డు అలలు అలలుగా కనబడుతోంది. ఇరుపక్కలా దున్ని వదిలిన ఎర్రనేల, రాళ్లు. అక్కడక్కడ ఒక బావి, దాని చుట్టూ రవ్వంత పచ్చ.

"పైపుల్లో నీళ్లు పోతాండాయా సూడన్నా" అంది వెనకనుంచి. నీళ్లు పోతున్నాయంటే కరెంటు వచ్చేసినట్టే.

మా సీమలో పుట్టినవాడు ఎవడూ నీళ్లు రాకూడదని మొక్కడు. ఆ రోజు నేను మొక్కాను. ప్రతి చేను దగ్గరా పైపు మూతి కేసి చూస్తూ, అది ఎండి ఉంటే ఊపిరి పీల్చుకుంటూ బండి నడిపాను. కంబదూరు ఇవతల ఒక తోటలో పైపు ధారగా పోస్తోంది. జ్యోతి వెనక ఒక్కసారి వెక్కిళ్లు పెట్టింది. "అది వేరే లైనమ్మా, వేరే లైను" అన్నాను. వేరే లైనో కాదో నాకు తెలియదు.

కంబదూరు దాటగానే గొర్రెల మంద అడ్డమొచ్చింది. హారను కొట్టాను, తిట్టాను, గొర్రెలకు నా మీద జాలి కలగలేదు. జ్యోతి దిగి వాటి మధ్యనుంచి పరిగెత్తింది. మందను దాటించుకుని నేను పోయేసరికి ఆమె మట్టిదారిలో చాలాదూరం పోయి ఉంది. చెప్పులు ఎక్కడో ఊడిపోయినట్టున్నాయి. ఎక్కించుకుని నాగన్న చేనులోకి మళ్లాను.

బావి గట్టు మీద కానుగచెట్టు, దాని కింద రేకుపెట్టెలో స్టార్టరు. పిడికి ఆదెన్న పచ్చగళ్ల తుండు రెండు ముడులు వేసి ఉంది. పక్కనే మా పెట్టె. దాని మీద దీపం వెలగలేదు. బావిలోంచి సుత్తి చప్పుడు వస్తోంది.

జ్యోతి స్టార్టరు ముందు నిలబడి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి తుండు దగ్గర ఆగిపోయింది. చిన్నప్పటినుంచీ ముట్టుకోకూడదని నేర్చుకున్న చెయ్యి అది. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, తుండును పక్కకు తోసి, పింగాణీ ఫ్యూజులు మూడూ ఒకదాని తర్వాత ఒకటి ఊడబీకింది.

పైన రేకు కదిలిన చప్పుడు కిందికి వినబడింది. సుత్తి ఆగింది.

"ఎవురది? స్టార్టరు కాడెవురు?"

"నేను నాయనా!"

"నువ్వా? తుండు కట్టింటే ముట్టుకుంటావా? నీకు నేర్పింది అదేనా?" ఆయన కోపం బావి గోడలకు తగిలి పైకొచ్చింది.

అప్పుడే పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. రెండింటికి రావాల్సిన కరెంటు వేళ కాకముందే వచ్చింది.

"మోటరు మీంచి చెయ్యి తియ్యి నాయనా! పైకి రా!"

"ఒక నట్టు ఉండాది. ఎర్రది నొక్కినా, తుండు కట్టినా, ఇంకేమే నీ భయం? పుట్టినప్పటినుంచీ ఇదే వరస నీకు!"

ఫ్యూజులు జ్యోతి చేతుల్లోనే ఉన్నాయి. పెట్టెకూ స్టార్టరుకూ కరెంటు ఫ్యూజులకు ముందే అందుతుంది గానీ, మోటరుకు వాటి గుండానే పోవాలి, అది తిరగదని నాకు తెలుసు. అయినా ఆ రెండు నిమిషాలూ దీపం మీదనుంచి కళ్లు తిప్పలేకపోయాను. జ్యోతి పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడి పేరో వినబడలేదు. పెట్టె ఆగాల్సినంతసేపు ఆగింది. తర్వాత లోపల టిక్కుమంది. ఆ వెంటనే స్టార్టరు ధన్మని పట్టుకుంది. తుండు ముడి ఊగింది.

ఫ్యూజులు లేవు గనుక కింద మోటరు కదల్లేదు. కానీ ఆ చప్పుడు ఆదెన్నకు తెలుసు. మీసాలు రాకముందునుంచీ ఆయన బతికింది ఆ చప్పుడు వింటూనే. సుత్తి నీళ్లలో పడినట్టు బుడుంగుమంది. తర్వాత మెట్ల మీద అడుగులు వినబడ్డాయి, ఒక్కొక్కటీ ఆగి ఆగి.

పైకొచ్చాక ఆదెన్న స్టార్టరు కేసి చూశాడు. కూతురి చేతుల్లోని ఫ్యూజుల కేసి చూశాడు. గ్రీజు అంటిన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుని, అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.

"తుండు ఉండాది గదమ్మా" అన్నాడు, చంటిపిల్లవాడు అడిగినట్టు.

"ఉండాది నాయనా."

జ్యోతి ఆయన తల తన పొట్టకు అదుముకుని ఏడ్చింది. నేను కానుగచెట్టు వెనక్కు పోయి నా ఏడుపు నేను ఏడ్చాను.

నాగన్న మంచినీళ్లు తెచ్చాడు. విషయం తెలిసి ఆయన కూడా మట్టిలోనే కూర్చున్నాడు. కాసేపటికి ఆదెన్న లేచి, మిగిలిన నట్టు బిగించాలని బావి అంచుదాకా పోయాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి తీసేశాడు. ఇంకోసారి పెట్టి మళ్లీ తీసేశాడు. అంతవరకూ ఎవరూ ఆయనను అలా చూడలేదు. అందరం వేరేవైపు చూశాం.

జ్యోతి చున్నీ నడుముకు బిగించింది. ఫ్యూజులు మూడూ నాయన చేతుల్లో పెట్టి, స్పానరు తీసుకుని బావిలోకి దిగింది. ఉరిమితే చెవులు మూసుకునే మనిషి. ప్రతి మెట్టు దగ్గరా "నాయనా, ఉండావా?" అని అరుస్తూ దిగింది. "ఉండా తల్లీ" అని ఆయన ప్రతిసారీ బదులిచ్చాడు.

ఆ వారంలోనే తండ్రీకూతుళ్లు ఊరూరా తిరిగి పెట్టెలన్నీ ఊడబెరుక్కొచ్చారు. రైతులు మళ్లీ టార్చిలైట్లు పట్టుకుని పోవలసి వచ్చిందని కొందరు తిట్టారు కూడా. జ్యోతి నా సెంటరులో కూర్చుని ఆ నల్లతెర మీద వరసలు చూసుకుంటూ, ప్రతి చిప్పులోనూ కావలసిన చోట అంకెలు మార్చింది. ఇప్పుడు తిరగమనే గుర్తు ఖచ్చితంగా ఉంటేనే పెట్టె మోటరును తిప్పుతుంది. ఇంకేమున్నా ఆగుతుంది. మార్చిన ప్రతిదాన్నీ తీగ ఆడించి, లాగి, మళ్లీ ఆడించి చూసింది. తాళం విషయంలో నేను ఆటపట్టించడం అప్పటినుంచి మానేశాను.

రెండేళ్ల తర్వాత ఒకరోజు బయ్యన్న తోటకు పోతే వాళ్లు అక్కడే పనిలో ఉన్నారు. జ్యోతి బావిలో ఉంది. పైన స్టార్టరుకు పచ్చగళ్ల తుండు కట్టే ఉంది. ఆదెన్న దాని పక్కన బాసింపట్టు వేసుకుని, ఊడబీకిన ఫ్యూజులు ఒళ్లో పెట్టుకుని, వాటిమీద రెండు చేతులూ కప్పి కూర్చున్నాడు. బయమ్మ టీ తెచ్చి అందించింది. ఆయన చేతులు తీయలేదు.

"ఆడ పెట్టమ్మా," అన్నాడు, బావి కేసి చూస్తూ. "పాప పైకి రానీ, తాగుతా."